ప్రామాణిక మురికి

ఒక రాజ్యం గొప్పతనాన్ని దాని కోటలను చూసి కొలవకూడదు. పారేయవలసిన వస్తువును సైతం పారేయనివ్వకుండా ఎన్ని రిజిస్టర్లలో రాసి కాపాడుతుందో చూసి కొలవాలి. ఈ కొలతకు యుద్ధం ఐదో ఏట మా బెంగళూరు నిలిచినట్టు మరే నగరమూ నిలవలేదని నా నమ్మకం. (లండనులో బాంబులు పడుతున్నాయి కనుక అక్కడివారికి ఇంత తీరిక ఉండి ఉండదు.)

ఆ ఏడు ఉగాదికి ముందు మా నగరంలో వాడిన ఇంజను నూనెల నియంత్రణ కచేరి అని ఒకటి వెలిసింది. కింద ఇత్తడి పాత్రల అంగడి, పైన కచేరి. అందులో నాలుగు శాఖలు: స్వీకరణ, నిల్వ, పరిష్కారం, మురికి. మొదటి మూడు శాఖలకు ఇంకా మనుషులను వేయలేదు. నాలుగోదానికి మాత్రం ఒక అధికారి, ఒక ఇన్‌స్పెక్టరు, ఒక గాజు సీసా ఉండేవి.

కచేరి వెలువరించిన ఉత్తర్వును నేను మూడుసార్లు చదివాను. బడి పంతులమ్మను, పాఠం చెప్పేముందు అలా చదవడం నాకు అలవాటు. వాడిన ఇంజను నూనె ఎవరింట్లో ఉన్నా దాన్ని మోరీలో పోయరాదని నాలుగో నిబంధన చెబుతుంది. మట్టిలో పూడ్చరాదని ఐదోది, తగలబెట్టరాదని ఆరోది, ఇతరులకు ఇవ్వరాదని ఏడోది. ముప్పై రోజులకు మించి ఇంట్లో ఉంచుకోరాదని ఎనిమిదోది. (తాగరాదని మాత్రం ఎక్కడా లేదు. మరిచిపోయి వదిలేశారో, దయతలచి వదిలేశారో తెలియదు.) ఇక మిగిలింది తొమ్మిదో నిబంధన. దాని ప్రకారం నూనెను కచేరికి అప్పగించవచ్చు, అయితే కచేరి ఇచ్చిన డబ్బాల్లోనే అప్పగించాలి. కచేరి దగ్గర డబ్బాలు లేవు. రేకంతా యుద్ధానికి పోయింది.

మా వీధిలో ఇంట్లో నూనె ఉందని ఫారం నింపి ఇచ్చిన మొదటి మనిషి నా తమ్ముడు తిమ్మరాయప్ప. చివరి మనిషి కూడా అతనే. కలాసిపాళ్యం బస్సు స్టాండులో పద్నాలుగేళ్ళుగా బస్సులు బాగుచేసేవాడు. యుద్ధంలో పెట్రోలు కరువై బస్సులన్నీ బొగ్గు పొయ్యి వీపున కట్టుకొని నడుస్తున్నా, ఇంజనుకు నూనె మాత్రం తప్పదు. ఆ బస్సుల్లోంచి తీసిన నల్లటి నూనె స్టాండులో పోయడానికి చోటులేక, యజమాని ఒప్పుకోగా, ఆరు కిరసనాయిలు డబ్బాల్లో మా పెరటి వసారాకు చేరింది. మరదలు సొన్నమ్మ వాటిని పొయ్యికి పది అడుగుల దూరం పెట్టించింది. పైన తడి గోనెపట్టా కప్పేది. నేలమీద ఒలికితే బూడిద, ఊక చల్లి ఊడ్చేది. మా ఇంట్లో నూనె నిల్వకు సంబంధించిన నిబంధనలు ఇవే. వీటికి ఎవరూ నంబర్లు వేయలేదు కనుక అందరూ పాటించేవారు.

ఫారంలో మూడు గళ్ళు. ఎంత? ఆరు డబ్బాలు. ఎందులో? రేకు డబ్బాల్లో. రంగు? నలుపు. తమ్ముడు ఫారం నింపుతుంటే ఎదురింటి బండి పిల్లప్ప గోడమీది నుంచి చూసి, నువ్వు చెప్పకుంటే ఎవరికి తెలస్తాదని నవ్వాడు. మనకు తెలుసు కదా అన్నాడు తమ్ముడు. ఆ జవాబు పిల్లప్పకు ఎంత నచ్చిందంటే, వారం రోజులు వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పి నవ్వించాడు.

డబ్బాలు వచ్చేదాకా ఆగమని కచేరి చెప్పింది. ఆగడం తమ్ముడికి చేతకాదు. హోసూరు దారిలో ఒక లారీ డ్రైవరు దగ్గర చూసిన పని ఒకటి ఇంట్లో మొదలుపెట్టాడు. నూనె డబ్బాను నాలుగు రోజులు ఎండలో కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది. పైతేటను ఇంకో డబ్బాలోకి వంచి, దాన్ని రాతి అరుగు మీద పెట్టాలి. కింద ఖాళీ డబ్బా పెట్టాలి. గొర్రెబొచ్చు కంబళిని పీలికగా చింపి, ఉడకబెట్టి ఆరేసి, ఒక కొస పై డబ్బాలో ముంచి, రెండో కొస కింది డబ్బాలోకి వేలాడదీయాలి. నూనె పీలిక పట్టుకొని పైకెక్కి, అంచు దాటి, చుక్క చుక్కగా కిందికి దిగుతుంది. మురికి పీలికలోనే ఉండిపోతుంది. ఒక డబ్బా దిగడానికి పదిహేను ఇరవై రోజులు. పీలిక నల్లబడితే మార్చాలి. అంతకు మించి మనిషి చేయవలసింది లేదు, పక్కన కూర్చోవడం తప్ప. తమ్ముడు సాయంత్రాలు అదే చేసేవాడు.

వచ్చిన నూనె లేత బెల్లం పాకం రంగులో ఉండేది. ఇది మళ్ళీ బస్సుకు పనికొస్తుందని, కచేరివాళ్ళు చూస్తే సంతోషిస్తారని అనేవాడు. తమ్ముడికి లోకజ్ఞానం తక్కువని నేను అప్పుడే గ్రహించవలసింది. మిగిలిన మడ్డిని సొన్నమ్మ పెరటి ద్వారబంధానికి చెదలు పట్టకుండా పూసింది. పిల్లప్ప తన బండి ఇరుసుకు కందెనగా వేసుకున్నాడు. (నవ్వినవాడు కందెన వేసుకోరాదని నిబంధన లేదు.) ఆరు డబ్బాల నల్ల నూనె అలా ఐదు డబ్బాల తేట నూనె అవుతూ వచ్చింది.

ఆషాఢంలో తమ్ముడికి జ్వరం వచ్చింది. పదకొండు రోజులు ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో అన్నం వండే గిన్నె చిన్నది తీయవలసి వచ్చింది.

కంబళి పీలిక మాత్రం తన పని మానలేదు. పై డబ్బాలో నూనె అయిపోయేదాకా ఇంకో పన్నెండు రోజులు చుక్కలు పడుతూనే ఉన్నాయి. (పీలికలకు సూతకం లేదు.)

శ్రావణం నడుమ కచేరి నుంచి ఒక కాగితం వచ్చింది. ముప్పై రోజుల గడువు దాటి నాలుగు నెలలయిందని, డబ్బాలు వచ్చాయని, నూనె ఎందుకు అప్పగించలేదని అందులో ఉంది. నూనె తీసుకుపోవలసిందని నేను మూడు వాక్యాల అర్జీ రాశాను. నాలుగో వాక్యం రాస్తే అందులో వారికి అనవసరమైనదేదో వస్తుందనిపించి మానుకున్నాను.

ఇన్‌స్పెక్టరు వెంకటగిరియప్ప గొడుగుతోనూ చిన్న చెక్కపెట్టెతోనూ వచ్చాడు. పెట్టెలో దూది. దూదిలో గాజు సీసా. సీసాలో నల్లటి నూనె. మూతకు లక్క ముద్ర. అది ప్రామాణిక మురికి. రాజ్యంలో ఏ నూనె వాడినదో, ఏది కానిదో దాని పక్కన పెట్టి తేలుస్తారు. దాన్ని సొన్నమ్మ చేతికి ఇవ్వడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. వసారాలో పీట వేయించుకొని, పీట మీద సీసా పెట్టి, ఒక డబ్బా మూత తీయించాడు. గరిటెతో కొంత నూనె పళ్ళెంలో పోసి చూశాడు. తర్వాత మావైపు చూశాడు.

“ఏందమ్మా ఇది? పళ్ళెం అడుగు కనపడతా ఉండాది.”

శుభ్రం చేసిన నూనె అని చెప్పాను. ఎవరు చేశారని అడిగాడు. నా తమ్ముడు అన్నాను.

“ఆయప్ప యాడుండాడు? పిలవండి.”

సొన్నమ్మ గరిటె తీసుకొని లోపలికి పోయింది. నేను తేదీ చెప్పాను. వెంకటగిరియప్ప తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మంచి మనిషి. తర్వాత తలపాగా పెట్టుకొని, ఫారంలో తమ్ముడి పేరు పక్కన బ్రాకెట్లలో ‘మృతులు’ అని రాసి, రెండో డబ్బా మూత తీయమన్నాడు.

ఐదు డబ్బాలూ తేటగానే ఉన్నాయి. ఆయన రెండు నేరాలు రాసుకున్నాడు. ఆరు డబ్బాలు ప్రకటించి ఐదే చూపడం వల్ల ఒక డబ్బా అనుమతి లేకుండా పరిష్కరించబడింది, కచేరి భాషలో అంటే వదిలించుకున్నట్టు. ఇది చిన్న నేరం. నూనె వాడినది కాకపోవడం వల్ల కొత్త నూనెను వాడిన నూనెగా ప్రకటించి దాచుకున్నట్టయింది. ఇది పెద్దది. యుద్ధకాలంలో సరుకు దాచినవారి పేర్లు నాలుగు భాషల్లో రాసి బస్సు స్టాండు గోడకు అంటిస్తారు. వచ్చే నెల ఒకటో తేదీన కొత్త పట్టిక. తమ్ముడి పేరు అందులో ఎక్కుతుంది.

నేను పీలిక చూపించాను, అరుగు చూపించాను, పని జరిగే తీరంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, కాగితం మీద బొమ్మ కూడా గీసుకున్నాడు. బలే ఉపాయమన్నాడు. కానీ ఫారంలో నూనె మురికి కావడానికి గడి ఉంది గాని శుభ్రం కావడానికి గడి లేదు. నల్లగా ఉన్నది తేటబడుతుందని ఉత్తర్వు రాసినవారు ఊహించలేదు. అనుభవం గలవారు.

ఆయన వెళ్ళాక సొన్నమ్మ వచ్చి ద్వారబంధానికి ఆనుకుంది. ఆమె అన్న పువ్వుల మండీ స్టాండు అవతల. రోజూ మూరలు కట్టడానికి ఆ గోడ పక్కనుంచే పోవాలి.

“పేరు గోడకెక్కితే నేను ఆ దోవన యెట్ల పోయేది వదినా? ఒక బోల్టు కూడా ఇంటికి తెచ్చినోడు గాదు.”

నాకు ఇంకో చింత. నా బడి పిల్లలు ఆ స్టాండు మీదుగానే ఇళ్ళకు పోతారు. దారిలో కనబడిన ప్రతి గోడనూ పైకి చదువుతారు. అలా చదవమని చెప్పింది నేనే.

ఒకటో తేదీకి తొమ్మిది రోజులు ఉంది. మర్నాడు బడికి సెలవు పెట్టి కచేరికి వెళ్ళాను. మెట్ల మీద నాకు ముందు ఏడుగురు ఉన్నారు. వారిలో ఒకాయన తన నూనె మరీ నల్లగా ఉందని వచ్చాడు. అతనిది కొలిమి తారు కావచ్చని అనుమానించారట. నాది మరీ తెల్లగా ఉందని చెప్పాను. ఇద్దరం ఇళ్ళు మార్చుకుంటే సరిపోయేదని అన్నాడు. మధ్యాహ్నానికి నా వంతు వచ్చింది.

మురికి శాఖాధికారి శ్రీనివాసులు గారు మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించారు. నేను చెప్పినదంతా విన్నారు. ఇన్‌స్పెక్టరు గీసిన బొమ్మను తిప్పి తిప్పి చూశారు.

“నేను నమ్ముతాను అమ్మా. కచేరి నమ్మదు.”

కచేరిలో ఇంకే అధికారులున్నారని అడిగాను.

“ప్రస్తుతానికి నేనొక్కణ్ణే.”

ఆ తర్వాత ఆయన తన కష్టం చెప్పుకున్నారు. నూనెలోంచి మురికి తీశారంటే ఆ మురికి ఎక్కడో ఒకచోట ఉండాలి. లోకంలో మురికి మాయమైపోయే దారి ఉంటే ఆయన శాఖే అక్కర్లేదు. మురికి చూపిస్తే నూనె వాడినదని రుజువైనట్టే. మురికిని తిరిగి ఆ నూనెలో కలిపితే రంగు ప్రామాణిక సీసాతో సరిపోవాలి. సరిపోతే తమ్ముడు ఫారంలో రాసింది నిజం, రెండు నేరాలూ లేవు. ఆరులోంచి ఐదు తీసేస్తే ఒకటి మిగలాలని పదిహేడేళ్ళుగా పిల్లలకు చెబుతున్నదాన్ని.

ఇంటికొచ్చి మురికి వెతకడం మొదలుపెట్టాం.

మొదట ద్వారబంధం. సొన్నమ్మ అట్లకాడతో రెండు పూటలు గీకింది. దోసెడు మడ్డి వచ్చింది. అందులో సగం చెక్కపొట్టు. (ఈ ప్రాంతపు చెదపురుగులు కచేరికి రుణపడి ఉండాలి.) తర్వాత వాడేసిన కంబళి పీలికలు. వాటిని వేడినీళ్ళలో వేసి పిండాం. ఆ తర్వాత ఎదురింటి బండి.

బండి దగ్గరకు ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చాడు. ఇక్కడొక చిక్కు వచ్చింది. మడ్డిని పిల్లప్పకు ఇచ్చామని రాస్తే ఏడో నిబంధన కింద కొత్త నేరం. వెంకటగిరియప్ప చాలాసేపు ఆలోచించి, మడ్డిని పిల్లప్పకు ఇవ్వలేదనీ, అతని ఇరుసులో నిల్వ ఉంచామనీ రాశాడు. బండిని ‘చక్రములు గల నిల్వ స్థలము’ అని రిజిస్టరులో నమోదు చేశాడు. నిల్వ స్థలం వీధి దాటి పోవాలంటే ముందుగా కచేరికి తెలపాలని కూడా చెప్పాడు. పిల్లప్పకు రోజూ హొసకోటె దాకా పోయి కట్టెలు తేవడం పని.

“ఎద్దుల్ని గూడ చూసి పోండి స్వామీ” అన్నాడు పిల్లప్ప. “ఎడంపక్కదాని తోక మీద ఒక చుక్క పడింటాది. అది గూడ మీ సర్కారుదే.”

ఇన్‌స్పెక్టరు తోక చూశాడు. ఏమీ లేదని రాసుకున్నాడు.

చక్రాలు ఊడదీసి, ఇరుసు గీకి, వచ్చినదాన్ని చిప్పలో పోశాం. దాంట్లో హొసకోటె దారి దుమ్ము కలిసి ఉందని ఇన్‌స్పెక్టరు పసిగట్టాడు. దారి దుమ్ము తమ శాఖకు రాదు, ఇంజను మురికి మాత్రమే వస్తుంది. రెంటినీ విడదీయడం ఎలాగని అడిగితే, కంబళి పీలికతో వీలవుతుందేమో చూడమన్నాడు. తర్వాత తనకే నవ్వొచ్చినట్టుంది, దుమ్మును ఆ ఒక్కసారికి క్షమించాడు.

అంతా కలిపితే పావు డబ్బా కాలేదు. కావలసింది ఒక డబ్బా. ఒకటో తేదీ నాలుగు రోజుల్లోకి వచ్చింది. మళ్ళీ కచేరికి వెళ్ళాను. శ్రీనివాసులు గారు ఉత్తర్వు తిరగేసి, పద్నాలుగో నిబంధనలో ‘సమాన మురికి’ అన్న మాట పట్టుకున్నారు. అసలు మురికి లభించని పక్షంలో దానికి దీటైన మురికిని అధికారి అనుమతితో వాడవచ్చు. నాకు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు: ‘ఇంటి పొయ్యి మసి, మూడు శేర్లకు మించకుండా.’ అది ఇస్తున్నప్పుడు ఆయన ముఖంలో నిజమైన ఆదరం కనిపించింది. మసి కలిపితే అది తమ్ముడు తీసిన మురికికి రుజువు ఎలా అవుతుందని నేను అడగలేదు. అడిగితే ఆయన ఆలోచనలో పడతారు. ఒకటో తేదీ ఆలోచన కోసం ఆగదు.

ఆదివారం పొద్దున పెరట్లో ఐదు డబ్బాలూ వరసగా పెట్టాం. వాటి పక్కన మడ్డి చిప్ప, మసి చేట. పీట మీద ప్రామాణిక సీసా. సాక్షులు ఇన్‌స్పెక్టరూ పిల్లప్పా. నేను చీర కొంగు దోపుకొని పొడుగు గరిటె తీసుకున్నాను. సొన్నమ్మ వచ్చి మొదటి డబ్బాకు అడ్డంగా నిలబడింది.

“ఆయప్ప చుక్క చుక్కా కారబెట్టి తీసిన మురికి వదినా ఇది. దీన్ని మళ్ళా మన చేతుల్తోనే కలపల్లనా?”

కలపకపోతే పేరు గోడకెక్కుతుందని చెప్పాను.

“అంటే, నూనె మంచిదైతే ఆయప్ప దొంగ. నూనె చెడిపోతే ఆయప్ప మంచోడు. అంతేనా?”

“అంతే.”

ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. ఆయన గొడుగు పిడి చూసుకుంటున్నాడు. ఆమె అడ్డం తొలగలేదు. నేనూ గరిటె కదపలేదు. సొన్నమ్మ వద్దంటే వద్దు అనుకున్నాను. నూనె తమ్ముడిది, పేరు కూడా తమ్ముడిదే, రెంట్లో ఏది ఉంచుకోవాలో చెప్పవలసింది ఆమె.

“జరుగు వదినా” అంది చివరికి. గరిటె నా చేతిలోంచి తీసుకుంది.

తేట నూనెలో మసి వెంటనే కలవదు. పైన తేలుతుంది. గట్టిగా తిప్పాలి. సొన్నమ్మ తిప్పింది. నాలుగు నెలలు పట్టిన పని ఒక్కో డబ్బాకు పావుగంట చొప్పున వెనక్కి పోయింది. మొదటి రెండు డబ్బాలు సీసాతో సరిపోయాయి. మూడోది మరీ నల్లబడింది. ప్రామాణిక మురికిని మించిన మురికిని ఒప్పుకోవడానికి వీల్లేదన్నాడు ఇన్‌స్పెక్టరు. అందువల్ల నాలుగో డబ్బాలోంచి కొంత తేట నూనె అందులో పోయవలసి వచ్చింది. అది పోస్తున్నప్పుడు ఎండలో ఒక క్షణం తీగలా మెరిసింది. బాగుందని పిల్లప్ప మెల్లగా అన్నాడు. దాన్ని ఇన్‌స్పెక్టరు రాసుకోలేదు.

మధ్యాహ్నం కాకముందే ఐదు డబ్బాలూ నల్లబడ్డాయి. వెంకటగిరియప్ప అక్కడే యోగ్యతాపత్రం రాసి ఇచ్చాడు. ‘పైన తెలిపిన నూనె తగినంత మురికిగా ఉన్నట్టు కనుగొనడమైనది. మృతులు నిజాయితీపరులు.’ నా తమ్ముడి నిజాయితీని ఆ విధంగా పొయ్యి మసితో నిరూపించాం. సొన్నమ్మ చేతులు సున్నిపిండితో తోముకుంది. మూడు రోజుల దాకా గోళ్ళ కింద నలుపు పోలేదు. తమ్ముడి గోళ్ళు కూడా అలాగే ఉండేవి.

డబ్బాలను పిల్లప్ప బండి మీదే కచేరికి తీసుకుపోయారు. ఇరుసులో కందెన లేదు కదా, బండి మా ఇంటి దగ్గర మొదలుపెట్టిన కేక ఇత్తడి అంగడి దాకా ఆపలేదు. దారిపొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. కందెనకు ఒక గరిటెడు మడ్డి ఇప్పించమని పిల్లప్ప కచేరిలో అడిగాడట. దానికి వేరే ఫారం ఉంది, ఇంకా అచ్చుకాలేదు.

ఒకటో తేదీన పట్టిక అంటించారు. పదకొండు పేర్లు. సొన్నమ్మ చదువుకోలేదు కనుక నన్ను తీసుకుపోయింది. పై నుంచి కిందికి చదివాను. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను. తమ్ముడి పేరు రెండుసార్లూ లేదు. పక్కన బస్సు కింద ఎవరో పడుకొని పని చేస్తున్నారు, కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. సొన్నమ్మ అటు కాసేపు చూసి, పువ్వుల మండీకి వెళ్ళిపోయింది.

దీనితో విషయం ముగిసిందని అనుకోవడం కచేరిని తక్కువగా అంచనా వేయడమే. దసరా నాటికి ఆ మేడ మీద నగరంలోని వాడిన నూనె అంతా చేరింది. డబ్బాలు వసారా నిండి, మెట్ల మీదికి దిగి, కింద ఇత్తడి బిందెల్లోకి చుక్కలు రాలడం మొదలైంది. స్వీకరించాక ఏం చేయాలన్నది పరిష్కార శాఖ చూడాలి. ఆ శాఖలో ఇంకా ఎవరూ లేరు. ఇంతలో పైనుంచి తాఖీదు వచ్చింది: లారీలకు నూనె కావాలి, మీ దగ్గరున్న నల్ల నూనె పనికిరాదు, దాన్ని నెల రోజుల్లో తేటపరచండి. కచేరి ఫైళ్ళన్నీ వెతికింది. ఒక ఫైలులో వెంకటగిరియప్ప గీసిన కంబళి పీలిక బొమ్మ దొరికింది.

దీపావళి తర్వాత మా ఇంటికి ఒక కవరు వచ్చింది. పైన చిరునామా: ‘శ్రీ తిమ్మరాయప్ప (మృతులు) గారికి.’ లోపల, వాడిన నూనెను తేటపరచే పనిలో నగరంలో తమరికి సాటి లేరని కచేరి గుర్తించినదనీ, వచ్చే సోమవారం పదకొండు గంటలకు స్వయంగా హాజరై పనిలో చేరవలసిందనీ ఉంది. రాలేకపోతే కారణం మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి.

పైకి చదివి వినిపించాను. సొన్నమ్మ కవరు చేతిలోకి తీసుకొని, పేరు ఎక్కడ రాసి ఉందో చూపించమంది. చూపించాను. ఆ ఒక్కచోటా వేలితో తడిమింది.

“పనోడని ఇప్పుడు తెలిసిందా వాళ్ళకి?”

జవాబు ఆ రాత్రే రాశాను. ఆషాఢం నుంచి ఎన్నో అర్జీలు రాశాను గాని, అన్నిట్లోనూ ఒక మాట పక్కనుంచి నడిచిపోయాను. బడిలో అడిగినవారికి కూడా తేదీ చెప్పి ఊరుకునేదాన్ని. ఈసారి కారణమే అడిగారు కనుక తప్పలేదు. ‘నా తమ్ముడు చనిపోయాడు’ అని రాసి సంతకం చేశాను.

వారం రోజులకు జవాబు వచ్చింది. చూపిన కారణం సంతృప్తికరంగా లేదు.